బతుకమ్మ అయిపోయింది, గునుగు మిగిలింది

పండగలకు ఇంటిని ఉన్నవాటితోనే ఎలా సింగారించుకోవాలో ఈ పేజీలో మాట్లాడుకుంటున్నాం కదా. పోయిన నెల, బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు ఏడాది ఉంటుందని రెండు ముక్కలు రాసి ఊరుకున్నందుకు ఈసారి ప్రశ్నలు కుప్పలుగా వచ్చాయి, ఎక్కువ నల్లగొండ, పాలమూరు వైపు నుంచే. అన్నిటికీ చోటు లేదు, కొన్నింటికి చెబుతున్నాను.

ప్రశ్న: సద్దుల బతుకమ్మకు మా ఆయన బండి మీద పెద్ద మోపు గునుగు తెచ్చారు. సగం కూడా పేర్చలేదు. మిగిలింది పారేయబుద్ధి కాక సీసాల్లో నీళ్లు పోసి పెట్టాను అక్కా. నాలుగు రోజులకు కాడలు కుళ్లి ఒకటే వాసన, కింద బండల మీదంతా నల్లటి గింజలు. మీరేమో ఏడాది ఉంటుందని రాశారు! (ఒక పాఠకురాలు, దేవరకొండ)

జవాబు: నీళ్లు పోయడమే తప్పయింది చెల్లీ. గునుగు కోసిన రోజే చేతికి గరగరలాడుతుంది చూడండి, ఎండు కాగితంలా. దానికి నీళ్ల అవసరమే లేదు, కావాల్సింది గాలి. ఇంకో సంగతి, మనం పువ్వు అనుకునేది ఒక్క పువ్వు కాదు, చిన్న చిన్న పూలు కింది నుంచి పైకి వరసగా విచ్చుకుంటూ పోతాయి. కొస ఇంకా గులాబీ రంగులో ఉండగానే అడుగున గింజ పట్టేస్తుంది. అందుకే ఎండబెట్టడానికి కొస గులాబీగా ఉన్నవి ఏరుకోండి, మొత్తం తెల్లబడ్డవి పక్కన పెట్టండి. అవి మాత్రం రాలక మానవు.

ఆకులన్నీ దూసేసి, పది పన్నెండు కాడలు ఒక కట్టగా పట్టుకుని రబ్బరు బ్యాండు వేయండి. దారంతో కడితే కాడలు ఎండి సన్నబడ్డాక ఒక్కొక్కటే జారి కింద పడతాయి, రబ్బరైతే వాటితో పాటు తనూ బిగుసుకుంటుంది. తలకిందులుగా వేలాడదీయాలి, నీడలో, గాలి ఆడేచోట. మెట్ల కింద మంచిది. డాబా మీద ఎండలో వేస్తే ఆ గులాబీ రంగు కాస్తా పోయి పాత గోడ సున్నంలా అవుతుంది. వంటింట్లో వద్దు, ఆవిరికి బూజు పడుతుంది. ఎనిమిది పది రోజులకు కాడ విరిస్తే టప్పున విరగాలి, వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. అప్పుడు పాత పేపరు పరిచి, కట్టను తలకిందులుగా పట్టుకుని మెల్లగా తట్టండి, ఉన్న గింజంతా రాలిపోతుంది. ఇక సీసాలో పెట్టినా బండల మీద పడదు.

ఆ గింజను చెత్తబండిలో వేయకండి. పెరడు ఉంటే ఒక మూల చల్లండి, తొలకరికి మొలుస్తుంది. గడ్డిమందులు వచ్చాక చేను గట్ల మీద గునుగు ఎంత తగ్గిందో మీ ఆయనను అడగండి, ఆ మోపు కోసం ఎంత దూరం పోయారో చెబుతారు. కాకపోతే పక్కవాళ్ల చేనులో మాత్రం చల్లకండి, మనకు బతుకమ్మ అయినా వాళ్లకు అది కలుపే.

తంగేడు కూడా ఎండబెట్టొచ్చా అని ఇంకో ఇద్దరు అడిగారు. రాదు. మన రాష్ట్ర పుష్పమే కానీ ఎండితే రేకులు రాలిపోయి పుల్ల మిగులుతుంది. కోడిజుట్టులా ఉంటుందే, సీత జడ, అది మాత్రం గునుగుకు చుట్టమే, ఎర్రగా అలాగే నిలుస్తుంది. బంతి నల్లబడుతుంది కానీ దారానికి గుచ్చి ఎండబెడితే ఒక రకమైన ముదురు తేనె రంగు వస్తుంది, నాకైతే ఇష్టమే, మా ఇంట్లో ఇంకెవరికీ నచ్చలేదు.

ఒక్క జాగ్రత్త. రెండేళ్ల కింద దీపావళికి నేను ఎండు గునుగు గుత్తిని అరుగు మీద ప్రమిదల వరస వెనకాల పెట్టాను, ఫోటోలో బాగుంటుందని. గాలికి కొస దీపం మీదికి వంగింది. భగ్గుమనడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. చెంబు నీళ్లు చేతిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది, గోడ మీద మసి మరక ఇప్పటికీ ఉంది. ఎండుపూలు ఒకవైపు, దీపాలు ఇంకోవైపు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఓనర్ గోడకు మేకు కొట్టనివ్వరు. ఎండుపూలు ఇంట్లో ఉండకూడదని మా అత్తమ్మ. ఫోన్‌లో చూసి మర్రి ఊడలతో గుండ్రటి దండ చుడదామనుకుంటే దానికీ ఊడలు ఎక్కడ దొరుకుతాయో తెలీదు. దీపావళికి ఐదు వందల లోపు ఏదైనా చెప్పండి. (ఇంకో పాఠకురాలు)

జవాబు: ముందు మీ అత్తమ్మ సంగతి. ఆమె మాటలో సగం నిజముంది. దేవుడి దగ్గర, గడప మీద వాడిపోయిన పువ్వు ఉంచం, నిన్నటిది ఇవాళ తీసేస్తాం. మా అమ్మ అయితే మామిడాకు వడలితే చాలు ఇంటికి జ్వరమొచ్చినట్టు చూసేది. కాబట్టి గడపకూ పూజ గూటికీ పచ్చివే పెట్టండి, ఎండువి హాల్లో ఒక మూలకు, అదీ దీపావళి దాకానే అని చెప్పి చూడండి. గడువు పెడితే పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. నిజానికి గడువు మనకూ మంచిదే. నేను చూసిన ఇళ్లలో అందం చెడగొట్టేది చవక వస్తువు కాదు, పోయిన ఏడు పెట్టి మర్చిపోయిన వస్తువు, దాని మీద దుమ్ము.

ఊడల జోలికి పోకండి. మీ ఊరి పిల్లలమర్రికే చెద పట్టి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకోవాల్సి వచ్చింది, మిగతా మర్రి చెట్లనైనా ప్రశాంతంగా ఉండనిద్దాం. ఎండిన సొర తీగో గుమ్మడి తీగో దొరికితే గంటసేపు నీళ్లలో నానబెట్టి తట్ట అంచు చుట్టూ చుట్టండి, ఆరాక ఆ గుండ్రం అలాగే నిలుస్తుంది. మేకు అక్కర్లేదు, కిటికీ ఊచకు కట్టండి.

ఐదు వందలు ఎందుకమ్మా, వంద కూడా కాదు. పోయినేటి ప్రమిదలు ఉన్నాయిగా, నూనె జిడ్డు పట్టి నల్లగా? వేడినీళ్లలో బట్టల సబ్బుపొడి వేసి రాత్రంతా ఉంచి, పొద్దున కొబ్బరి పీచుతో తోమి ఎండలో పెట్టండి. కొత్తవి కొంటే వాడే ముందు కొన్ని గంటలు నీళ్లలో ముంచి ఆరబెట్టండి, లేకపోతే మీరు పోసిన నూనెలో కొంత మట్టే తాగేస్తుంది. బత్తాయి రసం తీసుకున్నాక మిగిలే డొప్పలు కూడా పారేయకండి, చెంచాతో లోపల శుభ్రంగా గీకి ఒక్కో డొప్పలో చిన్న ప్రమిద కూర్చోబెడితే ఆ వేడికి తొక్క వాసన మెల్లగా గదంతా వస్తుంది. ఒక్క సాయంత్రానికే, మర్నాటికి పారేయాల్సిందే. నేరుగా డొప్పలోనే నూనె పోసి వెలిగించే వీడియోలు నేనూ చూశాను, రెండుసార్లు ప్రయత్నించాను, మన బత్తాయికి తొక్క గట్టిగా అంటుకుని ఉంటుంది, గీకేటప్పుడు ఎక్కడో చిల్లు పడి నూనె కారుతుంది.

ఇక ఇత్తడి తాంబాలంలో నీళ్లు పోసి బంతి రేకులు వేసి గుమ్మం పక్కన పెట్టడం అందరికీ తెలుసు. కానీ ఆ నీళ్లు రోజూ పారబోయాలి. వారం, పది రోజులు నిలువ నీళ్లు దొరికితే డెంగీ దోమ గుడ్డు పెట్టడం, పిల్ల రెక్కలొచ్చి ఎగరడం రెండూ అయిపోతాయి, దానికి మురికి నీళ్లే కావాలని లేదు, మీ తాంబాలం నీళ్లు ఇంకా ఇష్టం.

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె, ఐదెకరాల పత్తి. పత్తి ఏరాక మిగిలే ఎండు గుల్లలతో పూలదండల్లా చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు మేడమ్, చూసి ఆశ్చర్యపోయా. మా చేనంతా అవే. డిగ్రీ చదువుతున్నా, సెలవుల్లో చేద్దామనుకుంటున్నా. (ఒక విద్యార్థి)

జవాబు: తప్పకుండా చేయి తమ్ముడూ, ఈ నెల వచ్చిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇదే. పత్తి తీసేసిన గుల్లను ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడు. నాలుగైదు రెక్కలు, లోపలి వైపు నున్నగా లేత గోధుమ రంగు, వెనక ముదురు, ఒక్కో రెక్క చివర సూదిలాంటి మొన. చెక్కతో చెక్కినా అంత బాగా రాదు. ఆ మొనలే మీ అమ్మ వేళ్లను కోస్తాయి, పత్తి ఏరి వచ్చిన రోజు రాత్రి ఆమె చేతులు చూసుంటావు. నువ్వు కూడా పాత చేతి తొడుగులు వేసుకో.

పూర్తిగా విచ్చుకుని ఖాళీ అయినవే తీసుకో. సగం విచ్చినవి, గట్టిగా ముడుచుకుని ఎండినవి ఒక్కటి కూడా ఇంటికి తేవొద్దు. గులాబీ రంగు పురుగు పంట అయిపోయాక అలాంటి కాయల్లోనే నిద్రపోయి, వచ్చే పంటకు లేస్తుంది. పత్తి కట్టెను చేను పక్కన కుప్ప వేసి ఉంచొద్దని వ్యవసాయ అధికారులు ప్రతి ఏడూ మొత్తుకునేది అందుకే. అలంకరణ పేరుతో పురుగును ఇంటి ముందే దాచిపెడితే మీ నాన్న నిన్ను ఏమీ అనకపోయినా నేను అంటాను. పని అయిపోయాక మిగిలిన గుల్లలు, కట్టె అన్నీ చేనులో ముక్కలు కొట్టి కలిపేయడమే.

తెచ్చిన గుల్లలు మూడు నాలుగు రోజులు మంచి ఎండలో వెయ్యి, మధ్యాహ్నం తిరగెయ్యి, దులుపు. రంగు, వార్నిష్ ఏవీ వద్దు, దాని రంగే దాని అందం. అంటించడానికి వేడి గ్లూ గన్ చాలామంది వాడతారు, అది లేకపోయినా మన పాత మైదా గంజి పనిచేస్తుంది: రెండు చెంచాల మైదా ఒక కప్పు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, సన్నటి మంట మీద తిప్పుతూ ఉండాలి, తెల్లదనం పోయి కాస్త మెరుపు వచ్చినప్పుడు దించి చిటికెడు పటిక పొడి వేస్తే తొందరగా చెడదు. దండకు అడుగున పాత గోనె సంచి ముక్కను చుట్టి దాని మీద అంటించు, అట్టకన్నా గోనెకే బాగా పట్టుకుంటుంది. గుల్లలో దూది ఉంచితే ఇంకా ముద్దుగా ఉంటుంది కానీ గింజ లేని దూది పెట్టు, గింజ ఉంటే పురుగుకు పిలుపే.

అమ్మకం గురించి నేను పెద్దగా చెప్పేదేం లేదు, ఒక్కటే, పార్శిల్‌లో మొనలు విరుగుతాయి. వరిగడ్డిని కూరి పెట్టెలో బిగిస్తే చాలు, బబుల్ కవర్ కొనకు. ముందు నలుగురికి ఊరికే ఇచ్చి, నెల తర్వాత ఎలా ఉన్నాయో ఫోన్ చేసి అడుగు. రాలిపోయినదాన్ని అమ్మి మాట పడేకన్నా ఇది నయం.

ప్రశ్న: మా నాయనమ్మ దర్వాజకు వరి కంకుల కుచ్చు కట్టేది, పిట్టలు వచ్చి తినేవి. నేనూ కడదామని ఈసారి కంకులు తెస్తే అల్లేటప్పుడు అన్నీ విరిగిపోయాయి. ఎక్కడ పొరపాటు? (మిర్యాలగూడ నుంచి)

జవాబు: బాగా ఎండిపోయాక కోసి ఉంటారు. సాగర్ ఎడమ కాలువ కింద మీకు వరికేం కొదవ లేదు, కొదవల్లా పొడుగు కాడకే. హార్వెస్టర్ దిగితే గడ్డి ముక్కలు ముక్కలు. అందుకని మిషన్ రావడానికి వారం ముందే రైతును అడిగి గట్టు పక్కన ఒక పిడికెడు కొడవలితో కోయించుకోవాలి. గింజ పసుపెక్కాలి, కాడలో మాత్రం కాస్త పచ్చదనం ఉండాలి. మందు ఎప్పుడు కొట్టారో కూడా అడగండి, ఈ మధ్యే కొట్టి ఉంటే ఆ చేనువి వద్దు, తినేది పిట్టలు.

కంకి కింద జానెడున్నర కాడ ఉంచి ఆకులు తీసేయండి. నీళ్లు చిలకరించి, తడి గోనె సంచిలో చుట్టి ఒక గంట పక్కన పెట్టండి. అప్పుడు కాడ తీగలా వంగుతుంది. ఐదేసి కంకులు మూడు పాయలు తీసుకుని, మెడ దగ్గర గట్టిగా కట్టి, జడ అల్లినట్టే అల్లుతూ పోవాలి, కాకపోతే ప్రతి మెలికకూ ఒక్కో పాయలో ఒక కొత్త కంకి పెట్టి దాని తల బయటికి వదిలేయాలి. మా ఇంటి పక్కన ఒక పెద్దమ్మ ఇది చేస్తుంటే చూశాను, కళ్లు సరిగా కనిపించవు ఆమెకు, అయినా వేలితో కాడను నొక్కి చూసి ఇది విరుగుద్ది అని పక్కన పడేసేది, ఒక్కటీ తప్పలేదు. చివర అన్నిటినీ దగ్గరికి లాగి గోనె దారంతో ముడి. రెండు రోజులు నీడలో వేలాడదీస్తే తలలన్నీ కిందికి వంగి కుచ్చు అవుతుంది.

గోడకు ఆనించి కట్టకండి, ఎలుక ఎక్కుతుంది. సన్నటి తీగకు జానెడు దూరంగా వేలాడేలా కట్టండి. కింద పొట్టు రాలుతుంది, అది ఊడ్చుకోలేనంటే మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. పిట్టలు మొదటి వారం రాకపోయినా బెంగపడకండి, ఒక చిన్న మట్టి మూకుడులో నీళ్లు పెట్టి చూడండి. పాత ఇళ్లలో దూలాల సందులు ఉండేవి, అక్కడే గూళ్లు పెట్టుకునేవి, మన స్లాబులకు సందులెక్కడివి.

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. పనికిరాని వస్తువులతో ఏదైనా చేసుకుని రమ్మన్నారు స్కూల్లో. షాపుకు పోయి థర్మకోల్, మెరుపు కాగితం, గ్లూ అన్నీ కలిపి మూడు వందలు అయింది. ఇదేం పనికిరాని వస్తువో నాకు అర్థం కాలేదు. (ఒక తండ్రి, సూర్యాపేట)

జవాబు: చదివి గట్టిగా నవ్వాను, తర్వాత బాధేసింది. ఈసారి అడిగినప్పుడు బీరువా పైన చూడండి, పెళ్లి పత్రికలు గుట్టగా ఉంటాయి, దేవుడి బొమ్మ ఉంది కదా అని ఎవరూ పారేయరు. గట్టి అట్ట, బంగారు గీత, అన్నీ వాటిలోనే ఉన్నాయి. బొమ్మ ఉన్న ముక్క కత్తిరించి పక్కన దాచి, మిగతాదాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, పైనా కిందా రెండు గాజులకు అంటిస్తే చిన్న లాంతరు. పాత గాజులు మీ ఇంట్లో లేవంటే నమ్మను. లోపల సీరియల్ బల్బు పెట్టండి, దీపం కాదు. కార్తీకమాసమంతా బాల్కనీలో ఆకాశదీపంలా వేలాడదీసుకోవచ్చు. కత్తిరించడం మీరు, అంటించడం బాబు. మొత్తం మీరే చేసి పంపకండి, వంకరగా ఉంటే ఉండనివ్వండి, టీచర్‌కు ఎవరు చేశారో తెలిసిపోతుంది.

ప్రశ్న: పాత నారాయణపేట చీర చిరిగిపోయింది, అంచు మాత్రం కొత్తదానిలా ఉంది. పారేయాలా? (నారాయణపేట)

జవాబు: పారేస్తే మీ ఊరు మిమ్మల్ని క్షమించదు. అంచు విడిగా కత్తిరించి, వెనక పాత లుంగీ గుడ్డ వేసి కుట్టి, దర్వాజ మీద అడ్డంగా కట్టండి. మామిడాకులు దొరకని రోజుల్లో అదే తోరణం. పోచంపల్లి చీర అయితే అంచు కన్నా చెంగు వాడండి, ఇక్కత్ నేత అందం అక్కడే ఎక్కువ కనిపిస్తుంది, చట్రానికి బిగించి గోడకు ఆనిస్తే చాలు.

ప్రశ్న: ప్లాస్టిక్ మామిడి తోరణం కడితే తప్పా? ఏటా పచ్చివి ఎక్కడ తేవాలి? (నకిరేకల్)

జవాబు: తప్పని నేను అనను. నాకు నచ్చదు, అంతే. కడితే మాత్రం పండగ అయ్యాక తీసి కడిగి దాచండి, ఎండకు వెలిసి నీలంగా మారిన మామిడాకులు దర్వాజకు ఏడాదంతా వేలాడుతుంటే చూడలేం. ఐదాకులు చాలు, యాభై అక్కర్లేదు. పక్కింటి చెట్టును అడగడానికి మొహమాటమైతే ఒక గిన్నెడు పాయసం ఇచ్చి అడగండి.

ప్రశ్న: సంక్రాంతికి ఇప్పటి నుంచే అడుగుతున్నా, ముగ్గులో రంగులు కొనకుండా ఎలా? మా పాప చేతులకు పోయిన ఏడు దద్దుర్లు వచ్చాయి. (అచ్చంపేట)

జవాబు: ముందే అడగడం మంచిదైంది, వీటిని ఎండబెట్టుకోవడానికి టైం పడుతుంది. ఎరుపుకు జాజు (ఎర్రమన్ను), లేదా ఇటుక ముక్క రోట్లో దంచి జల్లించిన పొడి. పసుపుకు పసుపే. పసుపులో కొంచెం సున్నం నీళ్లు చల్లితే పారాణి ఎరుపు వస్తుంది, ముగ్గులో వేస్తే ఒక పూట బాగుంటుంది, తర్వాత మందగిస్తుంది. కానీ సున్నం ఘాటు, దాన్ని పాపకు కాకుండా మీ చేతికే వదలండి. నలుపుకు బొగ్గు. ఆకుపచ్చ ఒక్కటే కష్టం, మునగాకు నీడలో ఎండబెట్టి మెత్తగా పొడి కొడితే లేత రంగు వస్తుంది, బజారు పచ్చలా మెరవదు. బంతి రేకులు ఇప్పుడు దీపావళికి వాడినవే తుంచి ఎండబెట్టి డబ్బాలో పోసుకోండి, నారింజ రంగు కొనే పని ఉండదు.

బియ్యప్పిండితో గీత వేస్తే చీమలు వస్తాయి, అవి రావాలనే మన పెద్దవాళ్లు వేసేది, కానీ పాప కూర్చునే చోట వద్దు. సాన్పి (పేడనీళ్లు) చల్లాక తడి పూర్తిగా ఆరనివ్వకుండా, కాలు పెడితే ముద్ర పడని వేళకు ముగ్గు మొదలుపెట్టండి, పొడులు నేలకు పట్టుకుని సాయంత్రం దాకా చెదరవు.